బోర్ అంటే ఏ పంది?

విజయనగరం జిల్లా మెట్ట పల్లెల్లో ‘బోరు’ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేవి నీళ్లు. బోరు పడిందా, ఎన్నడుగుల్లో పడింది, మోటారు ఎంత హార్స్‌పవర్‌ది... మాట అటే పోతుంది. కుర్రాళ్లకైతే బోరు కొట్టే క్లాసు గుర్తొస్తుంది. స్కూలు చదువు ముగిసేలోపు సైన్సు పుస్తకంలో నీల్స్ బోర్ పరమాణు నమూనా, చరిత్రలో దక్షిణాఫ్రికా బోయర్లు తగులుతారు. ఊళ్లో వేట కబుర్లు చెప్పే పెద్దాయన ఉంటే 12 బోర్ తుపాకీ సంగతి వస్తుంది. ఇన్ని బోర్ల నడుమ, ఇంగ్లిషులో బోర్ అంటే పంది కూడా అని తట్టేది కొద్దిమందికే.

తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఇవన్నీ ఒకే అచ్చులో పోసినట్టు కనబడతాయి. ఇంగ్లిషు వాళ్ల చెవికి కూడా వీటిలో చాలావరకు ఒకటే. తేడా స్పెల్లింగులో ఉంది. నేలను తొలిచే బోరు పాత ఇంగ్లిషు మాట. విసుగు పుట్టించే బోరు పద్దెనిమిదో శతాబ్దంలో ఊడిపడింది, దాని పుట్టుక మీద భాషావేత్తలు ఇంకా తగువులాడుతూనే ఉన్నారు. బోయర్ డచ్చి వాళ్ల మాట, అర్థం రైతు. మొరటు మనిషిని ఇంగ్లిషులో ‘బూర్’ అంటారు. అదీ ఆ రైతు మాట బంధువే. (పల్లె మనిషిని మొరటు కింద జమకట్టే అలవాటు ఒక్క మన పట్నాలదే కాదన్నమాట.) ఇక తుపాకీ బోర్ అంటే గొట్టం లోపలి కొలత. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌను తూగితే అది 12 బోర్. దాంతో అడవిపందిని కొట్టిన ముచ్చట తెలుగు లిపిలో రాస్తే, బోర్‌తో బోర్‌ను కొట్టినట్టుంటుంది.

పంది అర్థంలోని బోర్‌ను బి, ఓ, ఏ, ఆర్ అక్షరాలతో రాస్తారు. పాత ఇంగ్లిషులో ఇది ‘బార్’. అప్పటి దీర్ఘమైన ‘ఆ’ తర్వాతి కాలంలో ‘ఓ’గా మారింది. రాయికి ‘స్టాన్’, పడవకు ‘బాట్’ అనే పాత మాటలు స్టోన్, బోట్ అయిన దారి కూడా ఇదే. ఎలుగుబంటిని చెప్పే ‘బేర్’కు దీనితో చుట్టరికం లేదు. అయితే ఎలుగుబంటికీ బోర్‌కూ ఇంకో రకం సంబంధం ఉంది, అది తర్వాత చూద్దాం.

నిఘంటువు తెరిస్తే బోర్‌కు ఎదురుగా ‘మగపంది’ అని ఉంటుంది. తప్పు కాదు. కానీ ఆ ఒక్క మాటనే పట్టుకుని ఇంగ్లిషు వార్తను తెలుగు చేయబోతే బోర్లా పడటం ఖాయం. బోర్ అనే మాటలో మూడు పందులున్నాయి. ఒకటి దొడ్లో ఉంది, ఇంకొకటి అడవిలో ఉంది, మూడోది గుడిలోనూ రాజుల జెండాల మీదా ఉంది. తెలుగులో ఈ మూడింటికీ మూడు వేరే మాటలు. ఇంగ్లిషు ఒక్కదానితోనే నెట్టుకొస్తోంది.

మొదట దొడ్డిలోది. పశుపోషణ భాషలో బోర్ అంటే ఊరికే మగది అని కాదు, విత్తులు (వృషణాలు) కొట్టని మగది అని. చిన్నప్పుడే విత్తులు కొట్టేసిన దానికి ‘బారో’ అని వేరే పేరు. వయసొచ్చాక కొట్టిస్తే ‘స్టాగ్’. ఇంకా ఈనని ఆడపంది ‘గిల్ట్’, ఈనినది ‘సౌ’. సౌ అన్న మాటను కౌ పలికినట్టే పలకాలి. పంది ఈనడానికి కూడా ‘ఫారో’ అని ప్రత్యేకమైన క్రియ ఉంది. ఆవుకు వాడే క్రియ దీనికి పనికిరాదు.

ఒక్క పందికి ఇన్ని పేర్లెందుకు అనిపిస్తే, మానాపురం సంతకో అలమండ సంతకో వెళ్లి పది నిమిషాలు నిలబడితే చాలు. అక్కడ ‘మగ ఆవు’ అనేవాడు కనబడడు. ఆంబోతు, ఎద్దు, కోడె, గిత్త, పెయ్య, చూడావు, పాడావు, ఒట్టిపోయినది... గేదెల్లో మళ్లీ పడ్డ, దున్న. పేరు మారితే ధర మారుతుంది, కొనేవాడు మారతాడు, తోలుకెళ్లాక చేయించే పని మారుతుంది. ఎద్దును చూపించి ఆంబోతు అంటే సంతంతా నవ్వుతుంది. బోర్‌కూ బారోకూ ఉన్న తేడా అచ్చం ఆంబోతుకూ ఎద్దుకూ ఉన్న తేడానే. ఇంగ్లిషు రైతుకు పంది దగ్గర అవసరమైన మాటలు తెలుగు రైతుకు ఆవు దగ్గర అవసరమయ్యాయి. తెలుగులో పంది మాటలు తక్కువైతే అది భాషలో లోటు కాదు. మన దగ్గర దుక్కి దున్నింది, బండి లాగింది పంది కాదు గనక.

మగతనాన్ని చెప్పడానికి ఉత్తరాంధ్ర వాడుకలో ‘పోతు’ బాగా తిరిగే మాట. మేకపోతు, దున్నపోతు సరే, చెట్లక్కూడా అది అంటుకుంది. ఉద్దానం గట్ల మీద పండ్లు కాయని మగ తాడిచెట్టును పోతుతాడి అంటారు. ఆ లెక్కన ‘పందిపోతు’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ బోర్‌లోని అసలు విషయం అందులో లేదు. నాగలికి కట్టే దున్నపోతుకు విత్తులు కొట్టి ఉంటాయి, అయినా అది దున్నపోతే. పోతు అన్నది మగదని చెప్పి ఊరుకుంటుంది, విత్తులున్నాయో లేదో చెప్పదు. పశువైద్యానికి సంబంధించిన రాతల్లో బోర్‌ను తెలుగు చేయాల్సి వస్తే ‘విత్తనపు మగపంది’ అనడం మేలు. విత్తనపు పొట్టేలు, విత్తనపు ఆంబోతు అన్న మాటలు జనానికి అలవాటే.

విత్తులు ఉన్నాయా లేదా అన్నది పంది విషయంలో ఇంత ముఖ్యం ఎందుకైంది? వాసన వల్ల. ఈడొచ్చిన మగపంది మాంసాన్ని వేడి పెనం మీద వేస్తే కొన్నిసార్లు ఉచ్చ కంపు లాంటిది, చెమట కంపు లాంటిది లేస్తుంది. దీన్ని ఇంగ్లిషులో ‘బోర్ టెయింట్’ అంటారు. దీనికి ప్రధానంగా రెండు పదార్థాలు కారణం. ఒకటి ఆండ్రోస్టెనోన్, వృషణాల్లో తయారై కొవ్వులో పేరుకుంటుంది. రెండోది స్కటోల్, పేగుల్లో బాక్టీరియా పుట్టిస్తుంది. విచిత్రమేమిటంటే ఆండ్రోస్టెనోన్ వాసన కొందరికి అసలు తెలియదు, అది జన్యువుల్లో ఉన్న తేడా. ఒకే కూర ఒకే పళ్లెంలో పెట్టినా ఒకరు ముక్కు మూసుకుంటారు, పక్కవాళ్లు లొట్టలేస్తారు. ఈ కంపు రాకూడదనే చాలా దేశాల్లో మగ పందిపిల్లలకు చిన్నప్పుడే విత్తులు తీసేస్తారు. బ్రిటన్‌లో మామూలుగా తీయరు, ఈడు రాకముందే మాంసానికి పంపేస్తారు. మాంసం కొనేవాడికి బోర్, బారో అన్న రెండు మాటలూ వేర్వేరుగా ఎందుకు కావాలో ఆ పొయ్యి దగ్గరే తెలిసిపోతుంది.

ఆ వాసనకు ఇంకో ఉపయోగం ఉంది. మగపంది ఉద్రేకంలో ఉన్నప్పుడు నోటి వెంట నురగ కక్కుతుంది. ఆ నురగలోనూ ఆండ్రోస్టెనోన్ ఉంటుంది. ఎదకొచ్చిన ఆడపందికి ఆ వాసన సోకితే కదలకుండా నిలబడిపోతుంది. వీపు మీద చేత్తో గట్టిగా నొక్కినా జరగదు, చెవులు నిక్కపొడుచుకుంటుంది. పందుల ఫారాల్లో ఎద కనిపెట్టేది ఇలాగే. బోర్‌ను కటకటాల అవతల నిలబెట్టి, ఇవతల ఒక్కో ఆడపంది నడుం నొక్కి చూస్తారు. బోర్ లేని చోట ఆ వాసనను స్ప్రే డబ్బాల్లో నింపి అమ్ముతారు. ఎద 21 రోజులకోసారి వస్తుంది, చూలు 114 రోజులు. మూడు నెలల మూడు వారాల మూడు రోజులని పెంపకందార్లు లెక్క గుర్తుపెట్టుకుంటారు.

పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర బండి మీద నత్రజని క్యాను పెట్టుకుని ఊరూరా తిరగడం ఇక్కడ అందరూ చూసిందే. ఆ క్యానులో ఆంబోతు వీర్యం మైనస్ 196 డిగ్రీల దగ్గర గడ్డకట్టి ఉంటుంది, ఏళ్ల తరబడి పాడవదు. బోర్ వీర్యానికి ఆ చలి పడదు. గడ్డకట్టిస్తే చాలా కణాలు చచ్చిపోతాయి. అందుకే దాన్ని ద్రవంగానే ఉంచి, 17 డిగ్రీల దగ్గర దాచి, కొద్ది రోజుల్లోనే వాడేస్తారు. గరివిడి పశువైద్య కళాశాల లాంటి చోట చదివే పిల్లలకు బోర్, బుల్ అన్నవి వట్టి పదజాలం కాదు. ఒకదాని పద్ధతి రెండోదానికి పనికిరాదు. ఈ విషయాలు రాసిన ఇంగ్లిషు పుస్తకాల్లో ‘మేల్ పిగ్’ అన్న మాట దాదాపు కనబడదు, ఎక్కడ చూసినా బోరే.

ఇప్పుడు అడవిలోకి. తెలుగు చేసేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

పాతపట్నం, మందస వైపు కొండవార చేలలో మొక్కజొన్న కండె పాలు పోసుకునే రోజుల్లో చేను చుట్టూ పాత చీరలు కనబడతాయి. ఎరుపు, పసుపు, పూల చీరలు కర్రలకు కట్టి ఉంటాయి, గాలికి ఊగుతుంటే మనిషి ఉన్నాడనుకుని పందులు రావని ఆశ. వాటికి అలవాటు పడ్డ పందులు చీర కిందనుంచే దూరిపోతాయి. పొద్దున్నే వెళ్లి చూస్తే కర్రలు విరిగి, కండెలు నమిలేసి, గట్టు తవ్వేసి ఉంటుంది. “రేత్రి పందులు పడి చేనంతా తొక్కీసినాయి” అంటాడు రైతు. అదే వార్త ఇంగ్లిషు పేపర్లో వస్తే ‘వైల్డ్ బోర్స్’ చేనును పాడుచేశాయని వస్తుంది. దాన్ని మళ్లీ నిఘంటువు పట్టుకుని తెలుగు చేస్తే ‘అడవి మగపందులు’ పాడుచేసినట్టవుతుంది. ఆడపందులు ఆ రాత్రి ఇంటిపట్టునే ఉన్నాయా అని రైతు అడిగితే చెప్పడానికి జవాబుండదు.

‘వైల్డ్ బోర్’ అన్నది జాతి పేరు. అందులో ఆడదీ ఉంది, మగదీ ఉంది, చారల పిల్లలూ ఉన్నాయి. ‘ఫిమేల్ వైల్డ్ బోర్’ అని రాస్తే ఇంగ్లిషులో అది తప్పు కాదు. పైగా చేలో పడే గుంపులో ఎక్కువగా ఉండేవి తల్లులు, పిల్లలే. ఆ గుంపుకు ఇంగ్లిషులో ‘సౌండర్’ అని పేరు. ముదిరిన మగపంది మాత్రం ఒంటరిగా తిరుగుతుంది, జత కట్టే కాలంలోనే గుంపు దగ్గరికి వస్తుంది. పందులంటే గుంపు అని జనంలో ఉన్న మాట ఆడపందులకు సరిపోతుంది గానీ మగదానికి సరిపోదు. ఫ్రెంచి వాళ్లు అడవిపందిని ‘సాంగ్లియే’ అంటారు. అది లాటిన్‌లో ఒంటరి అని చెప్పే మాట నుంచి వచ్చింది. తెలుగు కావ్యాల్లో వేట ఘట్టాలు చదివినవాళ్లకు ‘ఏకలం’ అన్న మాట తగిలే ఉంటుంది. దానర్థం అడవిపందే.

వేటగాళ్ల ఇంగ్లిషులో ఇంకో మెలిక ఉంది. అడవిలో కూడా ‘ఎ బోర్ అండ్ ఎ సౌ’ అని విడదీసి చెబితే అక్కడ బోర్ మళ్లీ మగదే. పక్కన సౌ ఉందా లేదా అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. బహువచనం కూడా రెండు రకాలు: బోర్స్ అనొచ్చు, లేదా ‘త్రీ వైల్డ్ బోర్’ అని ఏకవచనంలోనే వదిలేయొచ్చు.

మన చట్టం ఈ గొడవలోకి దిగలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్లో ఈ జంతువును ‘వైల్డ్ పిగ్’ అని రాశారు. 2015 చివర్లో బిహార్‌లో, 2016లో ఉత్తరాఖండ్‌లో కొన్ని జిల్లాల్లో పంటలు పాడుచేసే జంతువుగా దీన్ని కొంతకాలానికి ప్రకటించిన కేంద్రం నోటిఫికేషన్లలోనూ ఆ మాటే. ఇంగ్లిషు పత్రికల్లో మాత్రం అది వైల్డ్ బోర్ అయిపోతుంది. చదివేవాళ్లు రెండూ వేర్వేరు జంతువులేమో అనుకునే ప్రమాదం ఉంది. తెలుగులో రెండింటికీ అడవిపంది అంటే సరిపోతుంది, ఆడా మగా తేలాల్సిన పని కూడా లేదు.

విత్తున్న మగపందికీ అడవి జాతికీ ఇంగ్లిషులో ఒకే మాట ఎలా వచ్చి పడింది? పూర్వం రెండు మాటలుండేవి. పాత ఇంగ్లిషులో అడవిపందిని ‘ఎయొఫొర్’ అనేవారు. యోధుల శిరస్త్రాణాల మీద బొమ్మగా ఉండేది అదే. కాలక్రమాన ఆ మాట చచ్చిపోయింది, దాని పనంతా బోర్ నెత్తిన పడింది. అడవిదని చెప్పాలంటే ముందు ‘వైల్డ్’ తగిలించక తప్పలేదు. చచ్చిపోయిన ఆ మాట ఒక ఊరి పేరులో అస్థికలా మిగిలింది. రోమన్లు ఎబోరాకమ్ అని పిలిచిన ఊరిని ఆంగ్లో శాక్సన్లు తమ చెవికి తోచినట్టు ‘ఎయొఫొర్విక్’ చేసుకున్నారు, అంటే అడవిపందుల ఊరన్నట్టు. తర్వాత వచ్చిన వైకింగులు దాన్ని ఇంకా నలిపారు, చివరికి యార్క్ అయింది. ఆంధ్రలో ఫారాల్లో పెంచే తెల్ల సీమపంది పేరు లార్జ్ వైట్ యార్క్‌షైర్. పంది పేరు పెట్టుకున్న ఊరి పేరే మళ్లీ పందికి వచ్చింది. ఇది కాకతాళీయమే, కానీ బాగా కుదిరింది.

మూడో పంది గుడిలోది. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు. విశాఖ పక్కన సింహాచలంలో వరాహ లక్ష్మీ నరసింహుడు. ఆ కొండకు విజయనగరం పూసపాటి వంశం వాళ్లే అనువంశిక ధర్మకర్తలు కాబట్టి అక్కడి దేవుడు అప్పన్నతో విజయనగరానికి విడదీయరాని బంధం. వరాహావతారాన్ని ఇంగ్లిషులో ఎలా రాస్తారో గమనిస్తే బోర్ అన్న మాట మూడో ముఖం కనబడుతుంది. ‘బోర్ ఇన్‌కార్నేషన్’ అంటారు. పిగ్ ఇన్‌కార్నేషన్ అని రాసే గైడు, రాసే పుస్తకం దొరకడం కష్టం. జంతువు అదే అయినా పిగ్ అంటే బురద గుర్తొస్తుంది, బోర్ అంటే కోరలు గుర్తొస్తాయి. భూమిని ఎత్తడానికి కోరలు కావాలి.

తెలుగులో ఆ పనిని సంస్కృతం చేసిపెట్టింది. వరాహం అంటే దండం పెడతారు, పంది అంటే తిట్టు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరహాలు, వరహాలమ్మ అన్న పేర్లున్నవాళ్లు ఊరికి ఒకరైనా కనబడతారు. ఆ పేరు పెట్టిన అమ్మమ్మ మనసులో పంది లేదు, సింహాద్రి కొండ ఉంది. చాళుక్యుల లాంఛనం వరాహమే. వరహా అన్న బంగారు నాణేనికి ఆ పేరొచ్చింది కూడా దాని మీది వరాహ ముద్ర వల్లే. ఒక మాట రాజముద్ర అయితే, రెండోది సామెతల్లో పడింది: పందికేలరా పన్నీరు, పంది బురద మెచ్చు గానీ పన్నీరు మెచ్చునా. మన సామెతల్లో ఎక్కడా వరాహం బురదలో పొర్లదు.

ఇచ్ఛాపురం దాటితే ఈ విభజన ఇంకో తీరుగా కనిపిస్తుంది. ఒడియాలో ఊరపంది ‘ఘుసురి’, అడవిపంది ‘బారహా’. వరాహం అన్న మాటనే వాళ్లు దేవుడి గదిలో దాచకుండా చేనుగట్టు మీదికి తెచ్చుకున్నారు. బారహా పంట తినేసిందని ఒడియా రైతు ఏ మొహమాటమూ లేకుండా అంటాడు. అదే మాటను వరాహం పంట తినేసిందని తెలుగులో అంటే వెటకారంగా వినిపిస్తుంది. ఇంగ్లిషు బోర్‌కు దగ్గరి మాట కావాలంటే తెలుగులో కన్నా ఒడియాలోనే దొరుకుతుంది.

పరువుకు సంబంధించిన ఈ తేడా ఇంగ్లండ్ రాజకీయాల్లో ఒక మనిషి ప్రాణాల మీదికి తెచ్చింది. పదిహేనో శతాబ్దపు రాజు మూడో రిచర్డ్ చిహ్నం తెల్లని బోర్. ఆయన మనుషులు ఆ బొమ్మ ఉన్న బిళ్లలు గుండెల మీద పెట్టుకుని గర్వంగా తిరిగేవారు. ఆయనంటే పడని విలియం కాలింగ్‌బోర్న్ 1484లో రెండు పాదాల పద్యం ఒకటి ప్రచారంలో పెట్టాడు. రాజు కొలువులోని ముగ్గురిని పిల్లి, ఎలుక, కుక్క అని ఎత్తిపొడిచి, ఆ ముగ్గురూ ఒక ‘హాగ్’ కింద ఇంగ్లండును ఏలుతున్నారన్నాడు. బోర్ అన్నా హాగ్ అన్నా పందే. ఆయన జంతువును మార్చలేదు, మాటనే మార్చాడు. పందిని నందిని, నందిని పందిని చేయడమని మనవాళ్లు అనేది ఇలాంటి పనినే. దొరికాక కాలింగ్‌బోర్న్‌ను రాజద్రోహం కింద చంపేశారు. అతని మీద మోపినవి ఇంకా పెద్ద నేరాలే గానీ జనానికి గుర్తుండిపోయింది పద్యమే. అన్నట్టు, అతని పేరు చివర కూడా ఒక బోర్ ఉంది, అది మళ్లీ వేరేది.

హాగ్ అంటే ఇంగ్లండులో మొదట విత్తులు కొట్టిన, మాంసానికి పెంచే పంది. అమెరికా వెళ్లాక అది మామూలు పందికి పేరైపోయింది. రోడ్డంతా తనదే అన్నట్టు బండి నడిపేవాడిని, ఉన్నదంతా తనే లాక్కునేవాడిని చెప్పడానికి కూడా హాగ్‌ను క్రియ చేసి వాడతారు. పిగ్, స్వైన్, హాగ్ మూడూ తిట్లుగా పనికొస్తాయి. బోర్‌ను తిట్టుగా వాడటం అరుదు. 2018లో థాయిలాండ్ గుహలో చిక్కుకున్న పన్నెండు మంది పిల్లలు, వాళ్ల కోచ్ గుర్తుండే ఉంటారు. వాళ్ల ఫుట్‌బాల్ జట్టు పేరు థాయ్ భాషలో ‘మూ పా’, అక్షరాలా అడవి పంది. ప్రపంచమంతా ఇంగ్లిషులో వైల్డ్ బోర్స్ అని రాసింది. చైనా వాళ్ల పంది సంవత్సరాన్ని కూడా కొందరు ఇంగ్లిషులో బోర్ సంవత్సరం అని కాస్త పరువుగా రాస్తారు. జపాన్ వాళ్ల రాశిచక్రంలో ఆ స్థానంలో నిజంగానే అడవిపంది ఉంది కాబట్టి వాళ్ల విషయంలో బోరే సరైనది.

స్వైన్ జబ్బుల పేర్లలో బతుకుతోంది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు తెలుగు పత్రికలు దాన్ని అలాగే ఉంచేశాయి, పంది జ్వరం అని రాయలేదు. అది మంచిదే అయింది. ఇక వంటింట్లో పోర్క్. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచాక, పందిని కాసేవాడి భాషలో దాని పాత పేరు ఉండిపోయింది, వడ్డించుకునే వాళ్ల ఫ్రెంచి పేరు మాంసానికి వచ్చింది. ఇది వింతగా తోస్తే శ్రీకాకుళం బజారులో ఆదివారం పొద్దున ఒక మాంసం కొట్టు బోర్డు చూడొచ్చు. కొట్టు ముందు కట్టేసింది మేకపోతే, బోర్డు మీద ఉండేది ‘వేట మాంసం’. వేటాడి తెచ్చిందేమీ లేదు. మాంసానికి ఒక పేరు, మందలో ఉన్నప్పుడు ఇంకో పేరు.

ఇంగ్లిషు పందుల కథలో తెలుగు బాకీ ఒకటుంది. ధాన్యం గాదెల కింద బొరియలు తవ్వే పందికొక్కును చూసి, దానికి ఇంగ్లిషువాళ్లు మన మాటనే పట్టుకుపోయి ‘బాండికూట్’ అన్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో పొట్టసంచి ఉన్న వేరే జంతువు కనబడితే దానికీ ఆ పేరే అంటించారు. ఆ జంతువుకు ఇటు పందితోగానీ అటు కొక్కుతోగానీ ఏ సంబంధమూ లేదు.

ఇలా ఒక జంతువు మాటలు ఇంకో జంతువుకు అంటించడం బోర్ విషయంలో బాగా జరిగింది. ఇంగ్లిషులో ఏనుగు, తిమింగలం లాంటి వాటికి ఆవు మాటలు తగిలించారు: బుల్, కౌ, కాఫ్. పార్వతీపురం, సీతంపేట వైపు తిరిగే ఏనుగుల వార్తల్లో ‘బుల్ ఎలిఫెంట్’ కనబడేది అందుకే. గినీ పిగ్, బ్యాడ్జర్, ముళ్ల హెడ్జ్‌హాగ్, రకూన్ లాంటి వాటికేమో పంది మాటలు వచ్చాయి. వాటిలో మగది బోర్, ఆడది సౌ. గినీ పిగ్ పంది కాదు, ఎలుక జాతికి చెందింది. అయినా దాని మగదీ బోరే.

ఈ జాబితాలో ఉత్తరాంధ్ర వాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది ఎలుగుబంటి. అమెరికా అటవీశాఖ రాతల్లో, అక్కడి వేటగాళ్ల మాటల్లో మగ ఎలుగు కూడా బోరే. వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో జీడితోటలకు వెళ్లేవాళ్లు ఎలుగుబంట్ల భయంతో చీకటి పడకముందే ఇంటికి చేరతారు. ఎలుగు ఎదురైతే ఏం చేయాలో తెలుసుకుందామని ఫోన్లో వెతికితే వచ్చే ఇంగ్లిషు సలహాల్లో ఎక్కువ అమెరికావే. వాటిని అనువాదం బటన్ నొక్కి చదివితే మధ్యలో హఠాత్తుగా మగపందులూ ఆడపందులూ దిగుతాయి. పిల్లలతో ఉన్న ‘సౌ’ దగ్గరికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లొద్దని అందులో రాసి ఉంటే, అది చెబుతున్నది పిల్లల తల్లి ఎలుగు గురించి.